గుండీపువ్వూ చారలపిట్టా

మా వదినకు లోకంలోని వార్తలన్నీ పాతబడ్డాకే తెలుస్తాయి. ఆమె పని అలాంటిది. అడవుల నుంచీ వాగుల పక్క నుంచీ తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, పైనా కిందా చెక్కలు పెట్టి, బెల్టుతో బిగించి ఆరబెడుతుంది. తడి పీల్చుకున్న పేపరు తీసేసి రోజూ పొడి పేపరు పెట్టాలి. అలా మార్చేటప్పుడే ఆమె పేపరు చదవడం. ఎప్పుడో ఓడిపోయిన నాయకుడు ఈసారి గెలుస్తాడా లేదా అని ఆమె ఆరాటపడుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. "ఆయన ఓడిపోయి, మళ్ళీ నిలబడి, మళ్ళీ ఓడిపోయాడు కూడా వదినా" అంటే, "ఆ పేపరు నా దాకా రానీ, అప్పుడు బాధపడతాలే" అనేది.

ఆరిన మొక్కను దళసరి అట్ట మీద సూదీ దారంతో కుట్టడం ఆమె రెండో పని. నేను బట్టలు కుట్టేదాన్ని. మా ఇంటి ముందుగదే నా కొట్టు. మా అన్నయ్యను పెళ్ళి చేసుకుని మా ఇంటికొచ్చిన కొత్తలో ఆమె నాతో ఆడిన మొదటి మాట, "సన్నగా ఉండి తెగని దారం ఉందా?" అని. దేనికంటే మొక్కకంది. మొక్కకు బట్టలు కుట్టే మనిషి వచ్చిందిరా దేవుడా అనుకున్నాను. తర్వాత ఆ కుట్టు చూశాను. కాడ నలగకుండా, ఆకు చిరగకుండా, దారం పైకి కనపడకుండా కుట్టింది. నా చేతికి ఎవరూ వంక పెట్టలేరని అప్పటిదాకా నాకో గర్వం ఉండేది. ఆ రోజు నుంచి ఆ గర్వాన్ని కాస్త పొదుపుగా వాడుకుంటున్నాను.

అన్నయ్యదీ వదిన పనిచేసే పరిశోధన ఆఫీసే. వసారాకు ఇటు గదులు మొక్కలవాళ్ళవి, అటు గదులు పక్షులవాళ్ళవి. అన్నయ్య పని గూళ్ళు వెతకడం, దూరంగా కూర్చుని బైనాక్యులర్స్‌తో వాటిని కాపలా కాయడం. పిట్ట బెదరకూడదని గొంతు తగ్గించుకుని తగ్గించుకుని, ఇంట్లో కూడా గుసగుసలాడినట్టే మాట్లాడతాడు. ఉప్పు అందించమని అడిగినా రహస్యం చెప్పినట్టుంటుంది. వదినది గట్టి గొంతు. మొక్కలు బెదిరి పారిపోవు కదా మరి. ఇద్దరూ పోట్లాడుకుంటే వీధిలోవాళ్ళకు ఒక వైపు మాటలే వినిపించేవి. పాపం ఆ మనిషిని ఊరికే తిడుతుందని మా వదినకు లేనిపోని పేరొచ్చింది. నిజానికి అన్నయ్య గొణుగుడులో ఎంత ముల్లు ఉంటుందో ఇంట్లో ఉన్న నాకు తెలుసు.

వాళ్ళ పోట్లాటలన్నీ ఒక మైదానం గురించే. మంచినీళ్ళ ట్యాంకుల వెనక కంచె వేసిన గడ్డి నేల అది. ఒక్క చెట్టు లేదు. చుట్టుపక్కల గడ్డి నేలలన్నీ ఇళ్ళూ గోదాములూ అయిపోయాక అదొక్కటే మిగిలింది. దాంతోపాటు రెండు ప్రాణులు మిగిలాయి. ఒకటి నేలకు అంటుకుని విస్తరిలా పరుచుకునే చిన్న మొక్క. నోరు తిరగని శాస్త్రీయ నామం ఒకటి దానికుంది. దాని పువ్వు చొక్కా గుండీ అంత ఉంటుందని గుండీపువ్వు అని నేను పేరు పెడితే ఆఫీసంతా అదే అనడం మొదలుపెట్టారు. రెండోది చారలపిట్ట. గడ్డి రంగు ఒళ్ళు, గుండె మీద చారలు. చెట్టెక్కదు. నేల మీదే గడ్డి దుబ్బుల చాటున గూడు కడుతుంది. ఈ రెండూ మా ప్రాంతంలో ఇంకెక్కడా లేవు. గుండీపువ్వు విత్తనాలను ఆఫీసువాళ్ళు కుండీల్లో వేసి చూశారు, ఒక్కటీ మొలవలేదు. అది బతికితే ఆ నేలలోనే బతకాలి. దాన్ని బతికించే పని మా వదినకు అప్పగించారు. ఆమె వయసులో ఉండగా మొదలైన పని, జుట్టు నెరిసేదాకా సాగుతూనే ఉంది.

చిక్కంతా గడ్డి దగ్గర వచ్చేది. గడ్డి పెరిగితే కింద పడుకున్న గుండీమొక్కకు వెలుతురు అందదు, మొగ్గ వెయ్యదు. అందుకని మొగ్గ తొడిగే ముందు గడ్డి కొయ్యాలి. గడ్డి కోస్తే చారలపిట్టకు చాటు ఉండదు, గూడు కట్టదు. కొయ్యాలని వదిన, కొయ్యొద్దని అన్నయ్య. వాళ్ళ అధికారి డైరెక్టర్ మేడమ్, అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, చివరికి అన్నదమ్ముల పంపకంలా మైదానాన్ని రెండు చేసింది. కాలవ వైపు సగం అన్నయ్యది, కొడవలి తగలకూడదు. ట్యాంకుల వైపు సగం వదినది, ఏటా ఆమే స్వయంగా కోసుకుంటుంది. మిషను పెడితే మొక్కల తలలు ఎగిరిపోతాయని ఆమెకు భయం. ఆ పంపకంతో మా ఇంట్లో కొన్నాళ్ళు ప్రశాంతంగా అన్నం తిన్నాం.

తర్వాత బోర్డు వచ్చింది. మైదానం చూడటానికి బడిపిల్లల్ని తీసుకొస్తున్నారు కాబట్టి, గేటు దగ్గర రెండు ప్రాణుల్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తూ ఒక బోర్డు రాసిమ్మని మేడమ్ ఇద్దరికీ చెప్పింది. మొగుడూపెళ్ళాలు కాబట్టి పని తొందరగా తెములుతుందనుకుంది పాపం. భోజనాల బల్ల మీద అట్ట పరిచి, మధ్యలో గీత గీసి మొదలుపెట్టారు. రాజ్యం: ఇటు వృక్షాలు, అటు జంతువులు. తరగతి: ఇటు రెండు బీజదళాలవి, అటు పక్షులు. కుటుంబం: ఇటు పొద్దుతిరుగుడు, అటు భరతపిట్ట.

"పొద్దుతిరుగుడు ఇంటి పిల్లా ఇది? అంత పొడుగు మనుషులకి ఇంత పొట్టిది ఎట్లా పుట్టింది వదినా?" అన్నాను బట్ట కత్తిరిస్తూ.

"పువ్వు చూసి చుట్టరికం కలుపుతారు, ఎత్తు చూసి కాదు" అంది వదిన.

"మరి పిట్టకి?"

"ముక్కు, కాలు, ఎముక, ఈకలు మార్చుకునే తీరు" అన్నాడు అన్నయ్య గుసగుసగా. "పాట కూడా."

"అంటే ఈ రెంటికీ ఎక్కడా చుట్టరికం లేదన్నమాట."

"మొదటి వరసలోనే విడిపోయాయి. ఇంక కింద ఎక్కడా కలవవు" అంది వదిన.

కానీ చివరి వరసలో కలిశాయి. పరిరక్షణ స్థితి అని ఒక వరస ఉంది. ఇటు "అంతరించే ప్రమాదంలో ఉంది", అటు కూడా అదే మాట. అన్నయ్య సంబరపడి, మధ్య గీత చెరిపేసి రెండింటికీ కలిపి ఒకేసారి పెద్దక్షరాలతో రాద్దామన్నాడు. అంత మంచి మాటకు వదిన ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"ఒద్దు. మాట ఒకటేగానీ సంగతి ఒకటి కాదు" అంది. "మీ పిట్ట కనపడకపోతే ఏమంటారు? ఎక్కడికో ఎగిరిపోయి ఉంటుందిలే, వస్తుందిలే అంటారు. నా మొక్క కనపడకపోతే చచ్చిపోయిందనేస్తారు. దానికి కాళ్ళు లేవు కాబట్టి అది ఎక్కడికీ వెళ్ళదనే కదా. మట్టి లోపల విత్తనం ఉందేమో ఎవరికి తెలుసు? పిట్టని లెక్కపెట్టినట్టు మొక్కని లెక్కపెట్టడం కుదరదు."

"లోపల ఉందో లేదో తెలియనిదాన్ని ఉందని ఎట్లా రాస్తావు?"

"లేదని మాత్రం ఎట్లా రాస్తారు?"

ఆ పూట చారు చల్లారిపోయింది. మధ్య గీత అలాగే ఉంచి, ఒకే మాటను రెండు సార్లు రాసి ఇచ్చారు. చదువుకున్నవాళ్ళు ఇంత చిన్నదానికి ఇంతసేపు కొట్టుకోవాలా అని నాకు విసుగొచ్చింది. అయితే వదిన గొంతులో ఆ వేళ కోపం కన్నా భయం ఎక్కువుందని ఇప్పుడు అనిపిస్తుంది.

బోర్డు పెట్టాక జనం పెరిగారు. పువ్వు ఎక్కడ ఎక్కడ అని వెతుకుతూ దాని మీదే కాలు వేసేవాళ్ళు. ఒక సెలవురోజు సాయంత్రం వదిన ఇంటికొచ్చి, చెప్పు అచ్చుపడిన ఆకును అరచేతిలో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ మనిషి అలా నోరు మూసుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్య కూడా చూశాడు. మర్నాడు పెరట్లో కూర్చుని కర్రలు చెక్కడం మొదలుపెట్టాడు. మంచి నిటారు కర్రలు, మనిషి నడుమెత్తువి. దూరం నుంచే కనపడాలని కొసలకు ఎర్రగుడ్డ కావాలన్నాడు. నా కొట్టులో ముక్కలకు కొదవా? కత్తిరించి ఇచ్చాను. గుండీమొక్కలున్న ప్రతిచోటా అన్నయ్యే ఒక్కో కర్ర పాతాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతను మొక్కల కోసం వంగి చేసిన మొదటి పని అది. "మీ అన్నయ్యకి బుద్ధొచ్చింది" అంటూ వదిన ఆ వారమంతా మురిసిపోయింది. నాక్కూడా సంతోషంగా ఉండింది.

ఆ ఏడు అన్నయ్య సగంలో ఒక్క జంటే గూడు కట్టింది. ముందటేడు చాలా జంటలే వచ్చాయి, ఈసారి అదొక్కటే. గుడ్లు పెట్టిన కొన్నాళ్ళకే అన్నయ్య మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. గూడు ఖాళీ. పెంకుముక్కలు కూడా సరిగా లేవు. పామా, ముంగిసా, కుక్కా అని రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే వెళ్ళి, పిట్టల్ని చూడ్డానికి వేసుకునే చిన్న గుడారంలో దాక్కుని కూర్చున్నాడు. ఎండెక్కేసరికి ఒక కాకి వచ్చి ఎర్రగుడ్డ కట్టిన కర్ర మీద వాలింది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. అక్కడి నుంచి ఇంకో కర్ర మీదికి పోయింది. చెట్టన్నది లేని మైదానం అది. అంతకుముందు కాకి వచ్చినా నిలబడి చూడ్డానికి చోటుండేది కాదు, పైనుంచి ఎగిరి పోయేది. ఇప్పుడు వరసగా కుర్చీలు వేసి పెట్టినట్టయింది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పిట్టల్ని చూసిన మనిషి అతను. పొలాల్లో కర్ర పాతితే పక్షి వాలుతుందని ఎవరైనా చెబుతారు. అతనికి తట్టలేదు. కర్ర పాతేటప్పుడు ఆ బుర్రలో పిట్ట లేదు, గుమ్మంలో కూర్చున్న పెళ్ళాం ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి జరిగింది చెప్పి, "నేనే పిలిచి పెట్టాను" అన్నాడు. వదిన ఒక్క మాట అనలేదు. పోట్లాడే మనిషి పోట్లాడాల్సిన చోట ఊరుకుంటే ఇల్లు భరించడం కష్టం. నేనే ఉండబట్టలేక, "ఎర్రగుడ్డ ఇచ్చింది నేను, నన్నూ తిట్టండి" అని అరిచాను. ఎవరూ తిట్టలేదు. చీకటి పడకముందే వదిన వెళ్ళి కర్రలన్నీ పీకేసి మోపు కట్టి తెచ్చింది.

ఇక ఈ ఏటికి పిట్ట పని అయిపోయిందని అన్నయ్య మైదానం వైపు వెళ్ళడం మానేశాడు. వదినకు మాత్రం గడ్డి కోసే రోజులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున కొడవలి నూరుకుని వెళ్ళింది. మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది. కొడవలికి ఒక్క గడ్డిపోచ అంటుకుని లేదు.

"ఏమైంది వదినా?"

"కాళ్ళ దగ్గర నుంచి లేచింది."

"ఏది?"

"పిట్ట. నా సగంలో, మొక్కల మధ్యలో. మళ్ళీ గూడు కట్టింది. గుడ్లున్నాయి."

గబుక్కున మిషను ఆపేశాను. "అన్నయ్యకి చెప్పావా?"

"ఇంకా లేదు. చెబితే పరుగెత్తి పోతాడు, మనిషి తిరిగే చోటు కనిపెట్టి వెనకే కాకులూ వస్తాయి."

సంగతి నాకు మెల్లగా ఎక్కింది. గడ్డి కోస్తే ఆ గూడు బయటపడుతుంది. కోయకపోతే గుండీమొక్కలకు ఈసారి పువ్వు లేదు, కొత్త విత్తనం లేదు, ఉన్న మొక్కలు నీడలో కుళ్ళిపోతాయి. పైగా గూడున్నది ఎక్కడో మూల కాదు, మొక్కలన్నిటికీ నట్టనడుమ. కొంచెం వదిలి కొంచెం కొయ్యడానికి లేదు, ఆ చప్పుడుకే పిట్ట గుడ్లు వదిలి పోతుంది. ఈ గూడు సంగతి ఎవరికీ తెలియదు. కోసేసి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే అడిగేవాడు లేడు. నేనైతే ఏం చేసేదాన్నో చెప్పను.

"ఏం చేస్తావు?" అన్నాను.

"చేసేశానుగా. వచ్చేశాను" అంది.

భోజనాల దగ్గర అన్నయ్యకు తెలిసింది. అతను ఎగిరి గంతేస్తాడనుకున్నాను. చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు.

"కొయ్యి" అన్నాడు. "నా పిట్ట నా వల్ల పోయింది. నీ మొక్కనెందుకు పోగొట్టుకుంటావు? నీ బతుకంతా దాని మీదే పెట్టావు."

"విత్తనం ఆగుతుంది. గుడ్డు ఆగదు" అంది వదిన. "ఈ ఏడు పుయ్యకపోతే మట్టిలో ఉన్న పాత విత్తనం వచ్చే ఏడు లేస్తుంది. గుడ్డుకి వచ్చే ఏడు లేదు."

"ఆగుతుందని ఎవరు చెప్పారు నీకు? కుండీలో పెడితే మొలవలేదు కదా."

"ఎవరూ చెప్పలేదు" అంది వదిన. "ఆగాలి."

అన్నయ్య బల్ల దగ్గర్నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వదిన కంచం ముందు కూర్చుని ఏడ్చింది. ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నేను గిన్నెలన్నీ కడిగాను, కడిగినవి కూడా మళ్ళీ కడిగాను.

గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాయి. ఒకదాన్ని ఏదో ఎత్తుకుపోయింది. మిగిలినవి గడ్డిలో పరుగులు నేర్చుకుని, చిన్న చిన్న ఎగురుళ్ళు ఎగిరి, వానలకు ముందే తల్లితో పాటు వెళ్ళిపోయాయి. అన్నయ్య రోజూ దూరం నుంచి చూసి వచ్చి చెప్పేవాడు. వదిన శ్రద్ధగా వినేది, గడ్డి ఎంత ఎత్తైందని మాత్రం అడిగేది కాదు. అవి వెళ్ళిపోయాక గడ్డి తొలగించి చూస్తే కింద గుండీమొక్కలు లేవు. నల్లబడిన ఆకులు కొన్ని నేలకు అతుక్కుని ఉన్నాయి.

డైరెక్టర్ మేడమ్ పిలిపించింది. చెడ్డ మనిషి కాదు. "ముందు నన్నొక మాట అడగాల్సింది కదండీ" అంది. "అడిగితే మీరు మీటింగ్ పెడతారు మేడమ్. ఆ మీటింగ్ అయ్యేలోపు గుడ్లు పిల్లలవుతాయి, పిల్లలు తాతలవుతాయి" అందట మా వదిన. మేడమ్‌కు నవ్వొచ్చిందట. అయినా ఏం చేస్తుంది, మైదానంలో మొక్క లేనప్పుడు మొక్కల మనిషికి అక్కడ పని లేదు. వదినను మళ్ళీ పాత పేపర్ల గదికే పంపారు. అదేం శిక్ష కాదు, కానీ ఆమెకు గుచ్చుకుంది. ఎవరో ఎప్పుడో కోసుకొచ్చిన గుండీమొక్కల అట్టలు ఆ గదిలోనే బీరువాల్లో ఉన్నాయి. వాటిని తీసి చూస్తూ కూర్చుంటుందని తోటివాళ్ళు చెప్పారు.

మరుసటి ఏడు చారలపిట్టలు వచ్చాయి, కిందటేటి కన్నా ఎక్కువే. గుండీమొక్క రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. సెలవురోజుల్లో వదిన తన సగం గడ్డి తనే కోసుకుని, నేల మీద వెలుతురు పడేలా చేసి వచ్చేది. ఖాళీ నేలకు ఈ సేవ ఏమిటని నాకు కోపమొచ్చేది, ఆమె మీద కాదు, నేల మీద. ఇంత చేస్తే ఒక్కటైనా లేవకూడదా అనిపించేది. పిట్టలు పాడుతుంటే అన్నయ్య తల వంచుకునేవాడు. పిట్ట పాడితే సిగ్గుపడే పిట్టలవాణ్ణి లోకంలో ఇంకెక్కడా చూడలేం.

మూడో ఏడు తొలివానలు పడి, ఎండ కాసిన ఒక పొద్దున. వదిన గడ్డి కోస్తుంటే నేను గంపకెత్తుతున్నాను. అన్నయ్య తన సగం నుంచి గట్టు దాటి వచ్చాడు. బైనాక్యులర్స్ మెడలోంచి తీసి నా చేతికిచ్చాడు.

"దీని మొలక ఎట్లా ఉంటుంది?" అని వదినను అడిగాడు.

వదిన కొడవలి ఆపింది. ఒకే కప్పు కింద ముసలివాళ్ళవుతున్నారు వాళ్ళిద్దరూ. ఈ ప్రశ్న అతను ఆమెను అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. ఆమె నోట్లోంచి వెటకారం ఒకటి ఊడిపడుతుందని ఎదురుచూశాను. రాలేదు.

"చూపించడానికి ఒక్కటైనా ఉంటే చూపించేదాన్ని" అంది.

"బొమ్మ గియ్యి."

కాగితం లేదు. నా కొప్పులో ఎప్పుడూ కొలతలు రాసుకునే పెన్ను ఉంటుంది, తీసిచ్చాను. వదిన అతని అరచేయి పట్టుకుని గీసింది. ముందు రెండు గుండ్రటి ఆకులు. వాటి మధ్య నుంచి అంచు చిరిగినట్టుండే మూడో ఆకు. "ఈ మూడోది వచ్చేదాకా కలుపుమొక్కలన్నీ ఇట్లాగే ఉంటాయి. మూడోది చూడకుండా దేన్నీ పీకొద్దు" అంది.

"ఇంత చిన్నదా?"

"ఇంతకంటే చిన్నది. అరచేతిలో పట్టాలని పెద్దగా గీశాను."

అన్నయ్య మైదానం మూలకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో గడ్డి మొదళ్ళు విడదీస్తూ, మధ్యమధ్య అరచేయి విప్పి చూసుకుంటూ, జానెడు జానెడు ముందుకు జరిగాడు. వదిన గడ్డి కోసుకుంటూ పోయింది. ఎండ ముదిరింది. అతని మెడ మీదుగా చెమట కారుతోంది. కాసేపటికి అన్నయ్య లేచి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. దొరికిందేమోనని గంప కింద పెట్టేశాను.

అతను వదిన ముందు చెయ్యి చాపాడు. మట్టీ చెమటా తప్ప అందులో ఏమీ లేదు.

"చెరిగిపోయింది. మళ్ళీ గియ్యి" అన్నాడు.